పైపులైను గ్యాసులో జీవవాయువు - నాణ్యతా ప్రమాణాలు

పశువుల పేడ, కూరగాయల వ్యర్థాలు, ఆహార వ్యర్థాలు, మురుగునీటి మడ్డి, పంట మోపులు మొదలైన జీవ పదార్థాలనుండి తయారైన వాయువును శుద్ధిచేసి, సహజవాయువు ప్రవహించే పైపులైనులో కలపడానికి ముందు ఆ వాయువుకు ఉండవలసిన లక్షణాలను నాణ్యతా ప్రమాణాలు అంటారు. మీథేన్ కనీసం ఎంత ఉండాలి, బొగ్గుపులుసు వాయువు, గంధకం, తేమ, ఆక్సిజన్ గరిష్ఠంగా ఎంతవరకు ఉండవచ్చు అన్నవి వీటిలో ముఖ్యమైనవి. భారతదేశంలో ఇందుకు ఆధారమైన ప్రమాణం ఐ.ఎస్. 16087. దీనిని భారత ప్రమాణాల సంస్థ 2013లో వెలువరించి, 2016లో సవరించింది.

పైపులైను అందరికీ ఉమ్మడి. ఒక ఉత్పత్తిదారుడు అందులోకి వదిలిన వాయువు కొద్ది నిమిషాల్లోనే ఇతర వాయువుతో కలిసిపోతుంది. ఆ తరువాత దానిని వేరుచేయడం సాధ్యం కాదు. అందువలన నాణ్యతను పరీక్షించవలసిన చోటు కలిపే ద్వారమే. ఈ ప్రమాణాలన్నిటి వెనుకనున్న మూలసూత్రం ఇదే.

ముడి జీవవాయువు స్వభావం

ఆక్సిజన్ లేని చోట సూక్ష్మజీవులు జీవ పదార్థాన్ని కుళ్ళబెట్టినపుడు జీవవాయువు పుడుతుంది. పల్లెల్లో దీనిని గోబర్ గ్యాస్ అంటారు. తొట్టినుండి బయటకు వచ్చిన ముడి వాయువులో మీథేన్ 50 నుండి 70 శాతం, బొగ్గుపులుసు వాయువు 30 నుండి 45 శాతం వరకు ఉంటాయి. వీటికి తోడు హైడ్రోజన్ సల్ఫైడ్, అమోనియా, నీటి ఆవిరి ఉంటాయి. చెత్త దిబ్బలనుండి, మురుగునీటి శుద్ధి కేంద్రాలనుండి వచ్చే వాయువులో సిలోక్సేనులు అనే సిలికాన్ సమ్మేళనాలు కూడా కనబడతాయి. ఇవి షాంపూలు, సౌందర్య సాధనాల ద్వారా మురుగులో చేరుతాయి.

ముడి పదార్థాన్నిబట్టి వాయువు గుణం మారుతుంది. మాంసం, గుడ్లు, పప్పుదినుసుల వంటి మాంసకృత్తులున్న వ్యర్థాలు ఎక్కువైతే హైడ్రోజన్ సల్ఫైడ్, అమోనియా పెరుగుతాయి. నూనెలు, కొవ్వులు ఎక్కువైతే మీథేన్ పాలు పెరుగుతుంది. ఆబిడ్స్, నాంపల్లి వంటి భోజనశాలలు నిండిన ప్రాంతాలనుండి వచ్చే వ్యర్థం ఏ రెండు రోజులూ ఒకేలా ఉండదు. పండుగ రోజుల వ్యర్థం వేరు, మామూలు రోజుల వ్యర్థం వేరు. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరిగే అఖిలభారత పారిశ్రామిక ప్రదర్శన కాలంలో తినుబండారాల వ్యర్థాలు అదనంగా తోడవుతాయి. కనుక ఇటువంటి వ్యర్థంతో నడిచే కేంద్రంలో వాయువును ఒకసారి పరీక్షించి ఊరుకొంటే చాలదు, ఎడతెగకుండా పరీక్షిస్తూ ఉండాలి.

ఇదే వాయువును పొయ్యిలో నేరుగా మండించుకొనే రైతుకు ఈ మలినాలతో పెద్ద ఇబ్బంది లేదు. తొట్టినుండి పొయ్యికి ఉన్న దూరం కొద్ది గజాలే. పొయ్యి కూడా ఆ వాయువు కొరకే తయారైనది. పైపులైనుకు చేరవలసిన వాయువు సంగతి వేరు. అది ఇనుప గొట్టాలు, కవాటాలు, మీటర్లు, వాహన సిలిండర్లు, సహజవాయువు కొరకు రూపొందించిన పొయ్యిలు అన్నిటినీ దాటిపోవలసి ఉంటుంది.

భారతీయ ప్రమాణం

ఐ.ఎస్. 16087 (2016) ప్రకారం శుద్ధిచేసిన జీవవాయువుకు ఉండవలసిన ముఖ్య లక్షణాలు ఇవి:

- మీథేన్: కనీసం 90 శాతం
- బొగ్గుపులుసు వాయువు: గరిష్ఠంగా 4 శాతం
- బొగ్గుపులుసు వాయువు, నత్రజని, ఆక్సిజన్ మూడూ కలిపి: గరిష్ఠంగా 10 శాతం
- ఆక్సిజన్: గరిష్ఠంగా 0.5 శాతం
- హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలిపి మొత్తం గంధకం: ఘనపు మీటరుకు గరిష్ఠంగా 20 మిల్లీగ్రాములు
- తేమ: ఘనపు మీటరుకు గరిష్ఠంగా 5 మిల్లీగ్రాములు

దూరప్రాంతాలకు వాయువును మోసే పెద్ద పైపులైనులకు పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి 2008లో వేరే నిబంధనలు జారీచేసింది. ఆ నిబంధనల అనుబంధంలోని ముఖ్యమైన పరిమితులు ఇవి:

- బొగ్గుపులుసు వాయువు: గరిష్ఠంగా 6 శాతం
- మండని వాయువులు మొత్తం: గరిష్ఠంగా 8 శాతం
- ఆక్సిజన్: గరిష్ఠంగా 0.2 శాతం
- హైడ్రోజన్ సల్ఫైడ్: బరువునుబట్టి పది లక్షల పాళ్ళలో 5 పాళ్ళు
- మొత్తం గంధకం: బరువునుబట్టి పది లక్షల పాళ్ళలో 10 పాళ్ళు
- నీటి తుషార బిందువు, హైడ్రోకార్బన్ల తుషార బిందువు: గరిష్ఠంగా సున్నా డిగ్రీల సెల్సియస్

వాయువు చల్లబడుతున్నపుడు అందులోని ఆవిరి నీటి బొట్లుగా మారడం ఏ ఉష్ణోగ్రతవద్ద మొదలవుతుందో దానిని తుషార బిందువు అంటారు.

ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. బొగ్గుపులుసు వాయువు, తేమల విషయంలో జీవవాయు ప్రమాణం కఠినంగా ఉంది. ఆక్సిజన్, గంధకం, మండని వాయువుల మొత్తం విషయంలో మాత్రం పెద్ద పైపులైనుల నిబంధనలే కఠినం. బరువునుబట్టి పది లక్షల పాళ్ళలో 10 పాళ్ళ గంధకం అంటే ఘనపు మీటరుకు సుమారు 7 మిల్లీగ్రాములు. ఇది జీవవాయు ప్రమాణంలోని 20 మిల్లీగ్రాములలో సుమారు మూడో వంతు. అనగా ఐ.ఎస్. 16087 పరీక్షలో నెగ్గిన ప్రతి వాయువూ పెద్ద పైపులైనులోకి తానంతట తానే అర్హత పొందదు. వాహనానికి అమ్మడానికి సరిపోయిన వాయువును పైపులో కలపడానికి ఇంకొంత శుద్ధి అవసరం కావచ్చు.

ఒక్కొక్క పరిమితికి కారణం

తేమ: తొట్టిలో 35 డిగ్రీలవద్ద ఉన్న జీవవాయువు నీటి ఆవిరితో నిండి ఉంటుంది. ఘనపు మీటరులో సుమారు 40 గ్రాముల నీరు ఉంటుంది. ప్రమాణం అనుమతించేది 5 మిల్లీగ్రాములు. అంటే తేమను ఎనిమిది వేల వంతులలో ఒక వంతుకు తగ్గించాలి. వాయువును అధిక పీడనానికి నొక్కినపుడు ఆవిరి సులభంగా నీరవుతుంది, అందుకే ఇంత కఠినమైన పరిమితి. నీరు లేనిదే తుప్పు లేదు. కనుక మిగిలిన మలినాల హాని చాలావరకు తేమను అరికట్టడంపై ఆధారపడి ఉంటుంది.

బొగ్గుపులుసు వాయువు: ఇది మండదు, వాయువు శక్తిని తగ్గిస్తుంది. నీటితో కలిసినపుడు కార్బోనిక్ ఆమ్లంగా మారి ఉక్కు గొట్టాన్ని లోపలినుండి తినివేస్తుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్: కుళ్ళిన గుడ్ల వాసన గల విషవాయువు. గాలిలో పది లక్షల పాళ్ళలో ఒక పాలుకంటె తక్కువ ఉన్నా ముక్కు పసిగడుతుంది. కాని సుమారు 100 పాళ్ళు దాటితే వాసన పట్టే శక్తే నశిస్తుంది. కనుక వాసన ఆగిపోవడం ప్రమాదం తొలగిపోయిందనడానికి గుర్తు కాదు. తేమ ఉన్నచోట ఇది ఉక్కులో పగుళ్ళు పుట్టిస్తుంది. మండినపుడు గంధక ఆమ్లవాయువులను ఇస్తుంది.

ఆక్సిజన్, నత్రజని: ఇవి సాధారణంగా గాలినుండి వస్తాయి. చిన్న కేంద్రాలలో హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదిలించడానికి తొట్టిలోకి కొద్దిగా గాలి పంపే చవక పద్ధతి ఒకటి ఉంది. గాలిలోని ఆక్సిజన్ సాయంతో సూక్ష్మజీవులు గంధకాన్ని వేరుచేస్తాయి. ఇంజనుకు వాడే వాయువుకు ఈ పద్ధతి బాగా పనికివస్తుంది. పైపులైనుకు పంపదలచిన వాయువు విషయంలో ఇదే చిక్కు తెస్తుంది. ఒకసారి కలిసిన నత్రజనిని మీథేన్‌నుండి విడదీయడం చాలా ఖర్చుతో కూడిన పని. కనుక కేంద్రాన్ని రూపొందించే దశలోనే వాయువు ఎక్కడికి పోవలసి ఉన్నదో నిర్ణయించుకోవాలి.

సిలోక్సేనులు: ఇవి మండినపుడు మెత్తని ఇసుకవంటి సిలికాగా మారి ఇంజనులలో, పొయ్యి రంధ్రాలలో పేరుకొంటాయి. ఐరోపా ప్రమాణం ఈ.ఎన్. 16723-1 (2016) పైపులైనులో కలిపే వాయువులో మొత్తం సిలికాన్‌ను ఘనపు మీటరుకు 0.3 నుండి 1 మిల్లీగ్రాము వరకు పరిమితం చేసింది.

ధూళి, కంప్రెసరు నూనె: ఇవి మీటర్లను, పీడన నియంత్రకాలను పాడుచేస్తాయి. వడపోత తప్పనిసరి.

పొయ్యి మీద ప్రభావం - వాబ్ సూచిక

పొయ్యిలో ఎంత వేడి పుడుతుందన్నది వాయువు కెలోరిఫిక్ విలువపై మాత్రమే ఆధారపడదు. బరువైన వాయువు సన్నని రంధ్రం గుండా నెమ్మదిగా వస్తుంది. అందువలన కెలోరిఫిక్ విలువను సాపేక్ష సాంద్రత యొక్క వర్గమూలంతో భాగించి వచ్చిన సంఖ్యను లెక్కలోకి తీసుకొంటారు. దీనిని వాబ్ సూచిక అంటారు. ఈ సూచిక సమానంగా ఉన్న రెండు వాయువులు ఒకే పొయ్యిలో, ఒకే పీడనంవద్ద సమానమైన వేడినిస్తాయి.

ఉదాహరణకు 15 డిగ్రీల ఉష్ణోగ్రతవద్ద ఘనపు మీటరు స్వచ్ఛమైన మీథేన్ 37.7 మెగాజౌళ్ళ శక్తినిస్తుంది. దాని సాపేక్ష సాంద్రత 0.555. కనుక వాబ్ సూచిక సుమారు 50.7. అరవై శాతం మీథేన్, నలభై శాతం బొగ్గుపులుసు వాయువు ఉన్న ముడి జీవవాయువుకు కెలోరిఫిక్ విలువ 22.6, సాపేక్ష సాంద్రత 0.94, వాబ్ సూచిక సుమారు 23. అనగా సహజవాయువు పొయ్యిలో ముడి జీవవాయువును మండిస్తే సగం వేడి కూడా రాదు, మంట నిలవకపోవచ్చు కూడా.

ప్రమాణం అనుమతించే కనీస స్థాయిని, అనగా 90 శాతం మీథేన్, 4 శాతం బొగ్గుపులుసు వాయువు, 6 శాతం నత్రజని గల వాయువును తీసుకొంటే సూచిక సుమారు 43 వస్తుంది. ఇక్కడ మీథేన్ పది శాతమే తగ్గింది, పొయ్యివద్ద వేడి మాత్రం పదిహేను శాతం తగ్గింది. అన్నం ఉడకడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఘనపు మీటర్ల లెక్కన బిల్లు చెల్లించే గృహస్థుడు అదే వంటకు ఎక్కువ ఘనపు మీటర్లు చెల్లించవలసి వస్తుంది. కాబట్టి మీథేన్ శాతం వినియోగదారుడి న్యాయానికి సంబంధించిన విషయం కూడా. జర్మనీలో కొన్నిచోట్ల కలపబోయే వాయువుకు ప్రొపేన్ చేర్చి కెలోరిఫిక్ విలువను సరిచేస్తారు.

నగరం దుర్ఘటన - ఒక పాఠం

వాయువు నాణ్యత ఎందుకు ప్రాణాలకు సంబంధించిన విషయమో తెలుగునాట ఒక దుర్ఘటన చూపింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థ పైపులైను పగిలి వాయువు వ్యాపించి మంటలు చెలరేగాయి. ఇరవైమందికి పైగా మరణించారు. ఇళ్ళు, కొబ్బరితోటలు కాలిపోయాయి. ఈ గ్రామం ఇప్పుడు డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో ఉంది.

పొడి వాయువు కొరకు నిర్మించిన పైపులో తేమతో కూడిన వాయువు ప్రవహించిందని, లోపలి తుప్పువలన గొట్టం బలహీనపడిందని విచారణలో తేలింది. ఆ పైపులో ఉన్నది భూమిలోనుండి తీసిన సహజవాయువు, జీవవాయువు కాదు. అయినప్పటికీ పాఠం ఒక్కటే. నీరు, బొగ్గుపులుసు వాయువు కలిసినపుడు ఉక్కుకు వాటిల్లే హాని ఆ వాయువు బావినుండి వచ్చిందా, పేడతొట్టినుండి వచ్చిందా అన్నదానినిబట్టి మారదు. ప్రమాణపత్రంలో చిన్న అంకెగా కనబడే తేమ పరిమితి వెనుక ఉన్న అర్థం ఇదే.

శుద్ధి, పరీక్ష, కలపడం

బొగ్గుపులుసు వాయువును తొలగించడానికి నాలుగు పద్ధతులు ప్రధానంగా వాడుకలో ఉన్నాయి. అధిక పీడనంవద్ద నీటితో కడగడం మొదటిది. అమైన్ ద్రావణాలతో కడగడం రెండవది. పీడనాన్ని మార్చుతూ అధిశోషక పదార్థాల గుండా పంపడం మూడవది. పలుచని పొరల గుండా వడకట్టడం నాలుగవది. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఐరన్ ఆక్సైడ్, ఉత్తేజిత కర్బనం వంటి వాటితో ముందుగానే తొలగిస్తారు. శుద్ధి సమయంలో కొంత మీథేన్ గాలిలోకి జారిపోయే అవకాశం ఉంది. మీథేన్ బొగ్గుపులుసు వాయువుకంటె ఎన్నోరెట్లు అధికంగా భూతాపాన్ని పెంచుతుంది కనుక ఈ నష్టాన్ని అదుపుచేయకపోతే పర్యావరణానికి కలిగే మేలు తగ్గిపోతుంది.

శుద్ధి అయిన వాయువును కలిపే ద్వారంవద్ద గ్యాస్ క్రొమటోగ్రాఫ్, తుషార బిందువు మాపకం, హైడ్రోజన్ సల్ఫైడ్ విశ్లేషకం నిరంతరం పరీక్షిస్తుంటాయి. ఏ ఒక్క అంకె హద్దు దాటినా కవాటం దానంతట అదే మూసుకొని, వాయువు తిరిగి శుద్ధికి గాని, మంటగొట్టానికి గాని పోతుంది. సిలిండర్లలో నింపి అమ్మే వాయువులో లోపం కనబడితే ఆ సిలిండర్లను వెనక్కు పంపవచ్చు. పైపులో కలిసినదానికి ఆ వీలు లేదు.

వాసన విషయంలో ఒక విశేషం ఉంది. ముడి జీవవాయువుకు ఉన్న దుర్వాసన ప్రధానంగా హైడ్రోజన్ సల్ఫైడ్‌దే. శుద్ధి బాగా జరిగితే వాసన పోతుంది, మీథేన్‌కు సొంత వాసన లేదు. వాసన లేని వాయువు కారినా ఇంట్లోవారికి తెలియదు. మీథేన్ గాలిలో 5 నుండి 15 శాతం మధ్య ఉన్నపుడు నిప్పు తగిలితే పేలుతుంది. అందువలన నగర పంపిణీకి ముందు మెర్కాప్టాన్ వంటి ఘాటైన వాసనద్రవ్యాన్ని కావాలని చేరుస్తారు.

పీడనం కూడా సరిపోవాలి. ఇంటి పొయ్యివద్ద వాయువు పీడనం 21 మిల్లీబార్లు మాత్రమే. నగరంలోని ప్రధాన ఉక్కు గొట్టాలలో అది ఎన్నో బార్లు ఉంటుంది. కలిపే చోట గొట్టంలోనికంటె కొంచెం ఎక్కువ పీడనానికి వాయువును నొక్కాలి. రాత్రివేళ వాడకం తగ్గినపుడు ఆ గొట్టం ఎంత వాయువును తీసుకోగలదన్నది కూడా ముందే లెక్కించాలి.

కట్టెలనుండి, ఊకనుండి వచ్చే వాయువు

జీవ పదార్థాన్ని కుళ్ళబెట్టకుండా, తక్కువ గాలిలో వేడిచేసి కూడా వాయువు తీయవచ్చు. దీనిని ప్రొడ్యూసర్ గ్యాస్ అంటారు. తెలుగు ప్రాంతాల బియ్యపు మిల్లులలో ఊకతో నడిచే ఇటువంటి గాసిఫయర్లు వాడుకలోకి వచ్చాయి. ఈ వాయువులో దాదాపు సగం నత్రజని, ఐదోవంతు వరకు కార్బన్ మోనాక్సైడ్, అంతే పాళ్ళలో హైడ్రోజన్, కొద్దిపాటి మీథేన్ ఉంటాయి. ఘనపు మీటరు శక్తి సుమారు 5 మెగాజౌళ్ళు మాత్రమే. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. కాబట్టి ఈ వాయువు ఉన్నదున్నట్టుగా ఏ పైపులైనుకూ పనికిరాదు. గాలికి బదులు నీటి ఆవిరి లేదా ఆక్సిజన్ వాడి, తారును తొలగించి, ఉత్ప్రేరకం సాయంతో మీథేన్‌గా మార్చితేనే అర్హత పొందుతుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరంలో గోబిగ్యాస్ అనే 20 మెగావాట్ల కేంద్రం అడవి వ్యర్థాలనుండి ఈ విధంగా తయారుచేసిన వాయువును 2014 చివరినుండి పైపులైనులోకి పంపింది. సాంకేతికంగా పనిచేసినా, ఆర్థికంగా నిలవలేక 2018లో మూతపడింది.

హైదరాబాదు, తెలుగు రాష్ట్రాలు

2000 దశకంలో ఈ విషయానికి సంబంధించిన రెండు కార్యాలయాలు ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతంలోనే ఉండేవి. భారత ప్రమాణాల సంస్థ హైదరాబాదు శాఖ నాంపల్లి స్టేషన్ రోడ్డుగా పేరుపడిన ఎల్.ఎన్. గుప్తా మార్గంలో ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవవాయు కేంద్రాలను, జీవ పదార్థ విద్యుత్తును ప్రోత్సహించిన సాంప్రదాయేతర ఇంధన వనరుల అభివృద్ధి సంస్థ, అనగా నెడ్‌క్యాప్, నాంపల్లిలోని పిస్గా కాంప్లెక్స్‌లో ఉండేది. ఆ రోజులలో జీవవాయువు అంటే పెరటి తొట్టి, ఇంటి పొయ్యి. పైపులైను ప్రసక్తి లేదు కనుక ప్రమాణం అవసరమూ అంతగా రాలేదు.

నగరంలో గొట్టపు వాయువు పంపిణీ కొరకు గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం సంస్థలు కలిసి 2003లో భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్‌ను స్థాపించాయి. శామీర్‌పేటలో దీని ప్రధాన కేంద్రం ఉంది. కాకినాడనుండి తెలంగాణ మీదుగా గుజరాత్‌లోని భరూచ్ వరకు వేసిన పెద్ద పైపులైను 2009లో పని ప్రారంభించింది.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతితో ఒక కేంద్రం ఏర్పడింది. రోజుకు 10 టన్నుల వ్యర్థంతో సుమారు 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల జీవ ఇంధనం తయారవుతాయని ప్రధానమంత్రి 2021 జనవరి 31న రేడియో ప్రసంగంలో ప్రస్తావించారు. ఇక్కడి వాయువు పుట్టినచోటనే వాడబడుతుంది కనుక పైపులైను ప్రమాణాల బాధ లేదు. చిన్న కేంద్రాలకు ఇది అనువైన మార్గం.

కేంద్ర ప్రభుత్వం 2018 అక్టోబరు 1న సతత్ పథకాన్ని ప్రారంభించి, నొక్కిన జీవవాయువును చమురు సంస్థలు కొనే ఏర్పాటు చేసింది. నగర వాయు పంపిణీలో జీవవాయువును తప్పనిసరిగా కలపాలని 2023 నవంబరులో నిర్ణయించింది. దీని ప్రకారం ఆ పాలు 2025-26లో 1 శాతం, 2026-27లో 3 శాతం, 2027-28లో 4 శాతం, 2028-29నుండి 5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 500 జీవవాయు కేంద్రాలు నెలకొల్పే రిలయన్స్ ప్రణాళికలో మొదటిదానికి ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో 2025 ఏప్రిల్ 2న శంకుస్థాపన జరిగింది.

ఖర్చు - భద్రత

శుద్ధి, నిరంతర పరీక్ష, పీడనం పెంచడం అన్నీ ఖర్చుతో కూడినవి. విశ్లేషణ పరికరాల ధర కేంద్రం చిన్నదైనంత మాత్రాన తగ్గదు. అందువలన పది టన్నుల వ్యర్థంతో నడిచే కేంద్రానికి ఆ భారం వంద టన్నుల కేంద్రానికంటె ఎక్కువ. చుట్టుపక్కల గ్రామాల ముడి వాయువును తక్కువ పీడన గొట్టాలద్వారా ఒకచోటికి చేర్చి, అక్కడ శుద్ధిచేసి కలపడం దీనికి ఒక పరిష్కారం. ఐరోపాలో కొన్ని ప్రాంతాలు ఈ పద్ధతిని పాటిస్తున్నాయి. పైపులైను వాయువులో మూడోవంతుకు మించి జీవవాయువును చేర్చగలిగిన డెన్మార్క్ సాధించిన ఫలితం, కఠినమైన ప్రమాణాలు జీవవాయువు వ్యాప్తికి అడ్డంకి కావని చూపుతుంది.

పరిమితులను సడలిస్తే ఉత్పత్తిదారుడికి ఖర్చు తగ్గుతుంది. కాని ఆ ఖర్చు మాయమైపోదు. తుప్పు రూపంలో పైపులైను యజమానికి, తక్కువ వేడి రూపంలో గృహస్థుడికి, ప్రమాదం రూపంలో పైపు పక్కన నివసించేవారికి చేరుతుంది.